డార్క్‌వేవ్ కంపైలేషన్ కూర్చడం: పాత టేపు నుంచి స్లీవ్ నోట్స్ దాకా

గోథిక్, డార్క్‌వేవ్ (చీకటి, విషాదం నిండిన గిటార్, సింథసైజర్ సంగీతం) రంగంలో చాలా బ్యాండ్‌లకు కంపైలేషనే, అంటే వేర్వేరు బ్యాండ్‌ల పాటలు కూర్చిన ఆల్బమే, ఏకైక ఆధారం. కొద్దిపాటి కాపీలతో ఒక డెమో క్యాసెట్ వేస్తారు, ఎవరో అడిగితే ఒక పాట ఇస్తారు, ఆ తర్వాత ఎవరి దారి వాళ్లది. డెమో ఎక్కడా దొరకదు, కంపైలేషన్‌లో పడ్డ పాట మాత్రం మిగులుతుంది. 1983లో లండన్ రికార్డ్స్ వేసిన 'యంగ్ లింబ్స్ అండ్ నంబ్ హిమ్స్' సంగతే చూడండి. 1982 జులైలో లండన్ సోహోలో మొదలైన బ్యాట్‌కేవ్ క్లబ్ చుట్టూ తిరిగినవాళ్లను ఒకచోట చేర్చిన ఎల్పీ (12 అంగుళాల గ్రామఫోన్ రికార్డు) అది. స్పెసిమెన్, ఏలియన్ సెక్స్ ఫీండ్ అది లేకపోయినా నిలబడేవే. మీట్ ఆఫ్ యూత్ లాంటి పేరు నలభై ఏళ్ల తర్వాత కూడా వినబడుతోందంటే ఆ రికార్డు చలవే.

అందుకే ఇలాంటి కంపైలేషన్ కూర్చేవాళ్ల చేతిలో బాధ్యత ఎక్కువ. పాత టేపు నుంచి తప్పు వేగంతో కంప్యూటర్‌లోకి ఎక్కించిన పాట, తప్పు పేరుతో అచ్చయిన బ్యాండ్ అలాగే స్థిరపడిపోతాయి. పక్కన పెట్టి సరిచూసుకోవడానికి ఇంకో కాపీ ఎవరి దగ్గరా ఉండదు. పాటల ఎంపిక మీద పెట్టే శ్రద్ధలో సగం టేపు ఎక్కించడం మీద, స్లీవ్ నోట్స్ (కవర్ మీద అచ్చువేసే వివరాలు) మీద పెడితే చాలా కంపైలేషన్‌లు ఇప్పుడున్నదానికన్నా ఎంతో బాగుండేవి. ఇక్కడ రాసేదంతా ఆ పని గురించే.

ముందు హద్దు గీసుకోవాలి

ఈ రంగంలో కంపైలేషన్‌లు రకరకాలుగా వచ్చాయి. ఒక క్లబ్‌నో ఊరినో పట్టుకున్నవి కొన్ని. ఒక లేబుల్ (రికార్డు కంపెనీ) తన వాళ్లనే చూపించుకున్నవి కొన్ని. 4ఏడీ 1987లో తెచ్చిన 'లోన్లీ ఈజ్ యాన్ ఐసోర్' అలాంటిది. కాక్టో ట్విన్స్, డెడ్ కెన్ డాన్స్, క్లాన్ ఆఫ్ జైమాక్స్ అందులో పక్కపక్కనే ఉంటారు. ఒకే తరహా ధ్వనిని పట్టుకున్నవి ఇంకొన్ని. జర్మనీ లేబుల్ హైపీరియం 1993లో మొదలుపెట్టిన 'హెవెన్లీ వాయిసెస్' వరస ఎంత నాటుకుందంటే, ఆ పేరే ఆ తరహా సంగీతానికి పేరైపోయింది. క్యాసెట్ లేబుల్స్ దారి వేరు: థర్డ్ మైండ్ 1983లో 'రైజింగ్ ఫ్రమ్ ది రెడ్ శాండ్'ని ఏకంగా ఐదు క్యాసెట్లుగా వదిలింది.

తర్వాత వచ్చినవి తవ్వి తీసిన కంపైలేషన్‌లు. టైగర్‌సుషి 2004లో వేసిన 'సో యంగ్ బట్ సో కోల్డ్' 1977-1983 మధ్య ఫ్రాన్స్ అండర్‌గ్రౌండ్‌ని తవ్వింది. 2006లో బోర్న్ బ్యాడ్ 'బిప్' పేరుతో 1979-85 ఫ్రెంచ్ సింథ్ వేవ్‌ని తెచ్చింది. 2005లో న్యూయార్క్‌లో మొదలైన మినిమల్ వేవ్ లేబుల్ 2010లో స్టోన్స్ త్రోతో కలిసి 'ది మినిమల్ వేవ్ టేప్స్' వేసింది. వీటికి ఎదురుగా పెద్ద పెట్టెలున్నాయి: రైనో 2006లో మూడు సీడీలు, ఒక డీవీడీతో తెచ్చిన 'ఎ లైఫ్ లెస్ లివ్డ్', చెర్రీ రెడ్ 2017లో ఐదు సీడీల్లో 83 పాటలతో తెచ్చిన 'సిల్హౌట్స్ అండ్ స్టాచ్యూస్'. కొత్తగా వచ్చినవాళ్లకు పెట్టెలు మంచి దారే చూపిస్తాయి. కానీ రంగాన్ని నిజంగా ముందుకు నడిపినవి తవ్వి తీసినవే అంటాను. పెట్టెలో ఉన్న పాటల్లో చాలావరకు విడిగా వెతికినా దొరుకుతాయి.

మనం కూర్చేది ఏ రకమో మొదటి రోజే తేల్చుకోవాలి. కాలం, ఊరు లేదా దేశం, ధ్వని అనే మూడింట్లో కనీసం రెండు బిగిస్తే ఎంపిక నిలబడుతుంది. '1980ల డార్క్‌వేవ్' అనుకుంటే అది హద్దు కాదు, అందులో ఏదైనా పడుతుంది. '1981-85, బెల్జియం, ఇంట్లో నాలుగు ట్రాకుల మెషిన్ మీద రికార్డు చేసినవి' అనుకుంటే ఏ పాట వద్దో కూడా తెలిసిపోతుంది. హద్దు బిగుతుగా ఉంటే అంతగా పేరులేని పాటకు కూడా చోటు దొరుకుతుంది, ఎందుకంటే పక్క పాటలు దానికి సందర్భాన్ని ఇస్తాయి.

నిడివి లెక్క కూడా అప్పుడే వేసుకోవాలి. ఎల్పీ మీద ఒక వైపు 20 నిమిషాలు దాటితే శబ్దం తగ్గించి గాడి కోయాల్సి వస్తుంది, కాబట్టి మొత్తం 40 నిమిషాలు, సుమారు పది పాటలు. సీ-60 క్యాసెట్ అయితే వైపుకి 30 నిమిషాలు. సీడీలో 80 నిమిషాల దాకా పడతాయి. ఈ సంగీతంలో పొడుగు పాటలు ఎక్కువ. బౌహౌస్ 1979లో వదిలిన 'బెలా లుగోసీస్ డెడ్' తొమ్మిది నిమిషాలు దాటుతుంది. అలాంటిది ఒక్కటి పెడితే ఎల్పీలో దాదాపు సగం వైపు పోతుంది. బ్యాండ్ ఒప్పుకోకుండా పాటను కుదించకూడదు. కుదించాల్సి వస్తే స్లీవ్ మీద ఆ మాట రాయాలి.

అనుమతి

ప్రతి పాటకూ రెండు హక్కులుంటాయి: రికార్డింగ్ మీద ఒకటి, రచన మీద ఒకటి. 80ల నాటి చిన్న క్యాసెట్ లేబుల్స్‌లో చాలావరకు రాతకోతలు లేకుండానే పని నడిచింది. రాసి ఇవ్వకపోతే రికార్డింగ్ హక్కు సాధారణంగా బ్యాండ్ సభ్యుల దగ్గరే ఉండిపోతుంది. లేబుల్ నడిపినాయన 'సరే' అన్నంత మాత్రాన సరిపోదు, సభ్యుల దగ్గరికి వెళ్లాలి. గాయకుడు ఒప్పుకుని కీబోర్డు వాయించినామె ఒప్పుకోకపోతే పాట లేనట్టే. యూరప్‌లో విడుదలైన రికార్డింగ్‌కు 70 ఏళ్ల రక్షణ ఉంది కాబట్టి ఈ కాలపు పాట ఏదీ ఊరికే వాడుకునేది కాదు.

మనుషుల్ని పట్టుకోవడానికి క్యాసెట్ ఇన్‌లే కార్డు (డబ్బాలో పెట్టే అచ్చు కాగితం) మొదటి ఆధారం. దాని మీది పోస్ట్‌బాక్స్ చిరునామా చచ్చిపోయి ఉంటుంది, రచయితల ఇంటిపేర్లు మాత్రం పనికొస్తాయి. వాటిని గేమా (జర్మనీ), సాసెమ్ (ఫ్రాన్స్), బీఎమ్‌ఐ (అమెరికా) లాంటి రచన హక్కుల సంఘాల వెతుకులాట పేజీల్లో వేస్తే పాట నమోదైందో లేదో తెలుస్తుంది. రికార్డుల వివరాల సైటు డిస్కాగ్స్‌లో అదే మనిషి తర్వాత వాయించిన బ్యాండ్‌లు కనిపిస్తాయి. వాటిలో ఒకటి ఇప్పటికీ నడుస్తుంటే దారి దొరికినట్టే. ఎల్పీ అయితే లేబుల్ కాగితానికి, చివరి గాడికి మధ్య ఖాళీలో గీకిన అక్షరాలు చదవాలి. ఏ ప్లాంటులో, ఎవరు కోశారో అక్కడ తెలుస్తుంది. ఉత్తరానికి జవాబు రాకపోవడం ఒప్పుకోలు కాదు. జవాబు రాని పాట పక్కన పెట్టేయాలి, ఎంత బాగున్నా సరే.

ఒప్పందం ఒక పేజీ చాలు. పాట పేరు, దాని ఏ వెర్షన్, ఏ రూపాల్లో విడుదల, ఎన్ని కాపీలు, ఎన్నేళ్లు, ఏ దేశాలు, హక్కు మనకొక్కరికే కాదన్న వాక్యం, బ్యాండ్‌కు ఇచ్చే కాపీల సంఖ్య, డబ్బు ఎప్పుడు ఎలా పంచుతారు, సభ్యుల పేర్లు ఎలా అచ్చు వేయాలి. చివరిది చాలామంది మర్చిపోతారు. అప్పటి మారుపేరుతోనే ఉండాలనుకునేవాళ్లు, అసలు పేరు బయటికి రావడం ఇష్టంలేనివాళ్లు ఈ రంగంలో ఎందరో.

రచన హక్కు రుసుము దేశాన్ని బట్టి వేరు. అమెరికాలో 2025 రేటు కాపీకి పాటకు 12.7 సెంట్లు, పాట ఐదు నిమిషాలు దాటితే నిమిషాల లెక్క. అంటే ఐదు నిమిషాల లోపు పాటలు 12, కాపీలు 300 అనుకుంటే 457 డాలర్ల పైచిలుకు. బ్రిటన్‌లో ఈ రుసుము వసూలు చేసే సంస్థ ఎంసీపీఎస్ లెక్క డీలర్ ధర (దుకాణాలకు అమ్మే ధర) మీద 8.5 శాతం. జర్మనీలో రికార్డులు అచ్చువేసే ప్లాంట్లు గేమా కాగితం అడుగుతాయి. బడ్జెట్‌లో ప్రెస్సింగ్ ఖర్చు మాత్రమే రాసుకున్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

ఇంకో జాగ్రత్త. ఈ సంగీతం అంచుల్లో ఫాసిస్టు చిహ్నాలతో ఆడుకున్న బ్యాండ్‌లు కొన్ని ఉన్నాయి. జర్మన్ శిక్షాస్మృతి 86ఏ సెక్షన్ అలాంటి చిహ్నాల ప్రదర్శనను నేరం చేసింది. కవర్ బొమ్మ, పాట మాటలు, బ్యాండ్ తర్వాతి చరిత్ర ముందే చూసుకోవాలి. ఒక్క పాట వల్ల మిగతా పదకొండు బ్యాండ్‌ల పేరు చెడగొట్టే హక్కు మనకు లేదు.

టేపు ఎక్కించడం

అసలు మాస్టర్ టేపు దొరికితే అదృష్టం. ఎక్కువసార్లు చేతికొచ్చేది ఒక క్యాసెట్. దాన్ని అందిన వెంటనే డెక్‌లో వేయకూడదు. ముందు వెలుతురులో పట్టుకుని కింది వైపు మధ్య కిటికీలోకి చూడాలి. టేపు వెనక రాగి రంగు స్ప్రింగ్ మీద చిన్న ఫెల్ట్ ముక్క ఉంటుంది. అదే ప్రెషర్ ప్యాడ్, టేపును హెడ్‌కు అదిమి పట్టుకునేది. నలభై ఏళ్లలో దాని జిగురు ఎండిపోయి ముక్క ఊడిపోతుంది. అది లేకుండా ఆడిస్తే ధ్వని మందగించి, పైస్థాయి (ట్రెబుల్) వస్తూ పోతూ ఉంటుంది. 'టేపు పాడైపోయింది' అని చాలామంది అక్కడే వదిలేస్తారు. టేపుకేమీ కాలేదు. ఊడిన ముక్కను తిరిగి అంటించే ప్రయత్నం చేస్తే జిగురు టేపుకు అంటుకునే ప్రమాదం ఉంది. ఐదు స్క్రూలతో విప్పగలిగే మంచి షెల్ ఒకటి తీసుకుని, రెండు చుట్టలనూ అందులోకి మార్చడమే మేలు. పాత షెల్‌కు స్క్రూలు లేకుండా అతికించి ఉంటే అతుకు వెంట సన్నని బ్లేడుతో మెల్లగా విడదీయాలి.

షెల్ మార్చేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. టైప్ టూ, అంటే క్రోమ్ టేపుల షెల్ పైఅంచున అదనపు గాడి ఉంటుంది. డెక్ దాన్ని తడిమి చూసి 70 మైక్రోసెకండ్ల ఈక్వలైజేషన్ (పైస్థాయి సర్దుబాటు) పెట్టుకుంటుంది. క్రోమ్ టేపును మామూలు టైప్ వన్ షెల్‌లోకి మారిస్తే డెక్ 120 మైక్రోసెకండ్లే అనుకుంటుంది, పైస్థాయి నాలుగున్నర డెసిబెల్‌లకు పైగా ఎక్కువై హిస్ (టేపు బుస శబ్దం) చెవుల్లో గుచ్చుకుంటుంది. తిరగబడితే పాట దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. ఏ రకం టేపో ముందే రాసుకుని, అదే రకం షెల్ వాడాలి. మరో చిక్కు కూడా ఉంది: కొన్ని క్రోమ్ టేపులను కంపెనీలే 120 మైక్రోసెకండ్లకు రికార్డు చేసేవి. అప్పుడు ఇన్‌లే కార్డు మీద ఏం రాసి ఉందో అదే మాట.

ఆడించే ముందు ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి చుట్టి, వెనక్కి చుట్టాలి. ఏళ్లతరబడి కదలని టేపులో బిగువు ఒకేలా ఉండదు. చివర్లలో తెల్లని లీడర్ (రికార్డింగ్ లేని ముక్క) అతుకు ఊడే అవకాశం ఉంది కాబట్టి చుట్టడం పూర్తయ్యే చోట చేత్తో చుట్టడం మంచిది. హెడ్‌ను, క్యాప్‌స్టన్‌ను (టేపును నడిపే కడ్డీని) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. గోధుమరంగు పొడి రాలే టేపైతే ప్రతి వైపు తర్వాతా తుడవాలి.

ఇక అజిముత్. రికార్డు చేసిన డెక్ హెడ్ ఏ వాలులో ఉందో, ఆడించే హెడ్ కూడా సరిగ్గా అదే వాలులో ఉండాలి. ఇంట్లో రికార్డు చేసిన క్యాసెట్లలో ఇది ఎప్పుడూ తేడాగానే ఉంటుంది. ధ్వనిని మోనోలోకి మార్చి, హై-హ్యాట్ (డ్రమ్ములతో వాడే తాళాల జంట) గట్టిగా వినిపించే చోట హెడ్ పక్కనున్న స్క్రూను ఒక చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున తిప్పుతూ వినాలి. పైస్థాయి ఒక్కసారి తెరుచుకున్నట్టు వినిపించే స్థానం ఒకటి వస్తుంది, దాన్ని దాటితే మళ్లీ మూసుకుంటుంది. అక్కడ ఆపాలి. మోనోలో వినడం ఎందుకంటే, ఎడమ కుడి చానెళ్ల మధ్య కొద్దిపాటి కాలం తేడా కూడా మోనోలో పైస్థాయిని మింగేస్తుంది, స్టీరియోలో అది దాక్కుంటుంది. రెండో వైపు తిప్పినప్పుడు మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఒక వైపు కుదిరింది రెండో వైపు కుదరదు. మొదలుపెట్టే ముందు స్క్రూ తల మీద చిన్న గుర్తు పెట్టుకుంటే తిరిగి మామూలు స్థానానికి రావడం తేలిక.

డాల్బీ బీ (హిస్ తగ్గించే పద్ధతి) సంగతి అజిముత్ కుదిరాకే తేల్చాలి, లేకపోతే చెవి మోసపోతుంది. కార్డు మీద రెండు 'డీ'ల గుర్తు ఉన్నా నమ్మకం లేదు. అచ్చేసిన ఖాళీ కార్డులు అలాగే వచ్చేవి. పాట ఆగి రివర్బ్ (ప్రతిధ్వని) తోక మిగిలిన చోట డాల్బీ వేసి, తీసి వినాలి. డాల్బీ వేసినప్పుడు తోకతో పాటు హిస్ కూడా ఊపిరి పీల్చినట్టు ఎగసి పడుతుంటే ఆ టేపు డాల్బీ లేకుండా రికార్డు చేసింది.

వేగం మాటకొస్తే, క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు కదలాలి. కానీ అప్పటి ఇంటి డెక్కులు రెండు మూడు శాతం అటూ ఇటూ నడిచినవే. శృతిని బట్టి సరిచేద్దామంటే పాత అనలాగ్ సింథ్‌లు వేడికి జారిపోతాయి, గిటార్ వాటికే శృతి చేసుకుని ఉంటారు. మంచి ఆధారం ఒకటుంది: రికార్డింగ్‌లో దాగిన కరెంటు హమ్. యూరప్‌లో రికార్డు చేసింది 50 హెర్ట్జ్, అమెరికాలోది 60 హెర్ట్జ్ ఉండాలి. స్పెక్ట్రమ్‌లో పాట మొదలయ్యే ముందు నిశ్శబ్దాన్ని చూస్తే సన్నని గీత కనిపిస్తుంది. అది 51 దగ్గర ఉంటే టేపు రెండు శాతం వేగంగా నడుస్తోంది. అయితే ఆ హమ్ మన డెక్‌ది కాదని ముందు నిర్ధారించుకోవాలి. ఖాళీ టేపు వేసి చూసినా అదే గీత కనిపిస్తే అది మన ఇంటి కరెంటు.

ఇదంతా కుదిరాక 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో, పీక్ మైనస్ ఆరు డెసిబెల్ దాటకుండా ఎక్కించుకోవాలి. పాటకు ముందు, వెనక ఉన్న హిస్ కత్తిరించకుండా ఉంచాలి.

శుభ్రం చేసేటప్పుడు చేయి అదుపులో పెట్టుకోవడం కష్టం, అదే ముఖ్యం. ఈ సంగీతం ప్రాణమంతా రివర్బ్ తోకల్లో, కోరస్ ఎఫెక్ట్ వేసిన బేస్ గిటార్ మెరుపులో ఉంది. హిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ ముందుగా మింగేది వాటినే. మూడు నాలుగు డెసిబెల్‌లు మించి తగ్గిస్తే తోకల్లో నీళ్లు కదిలినట్టు గలగల మొదలవుతుంది. హిస్ ఉన్నా వినొచ్చు, ఈ గలగల వినలేం. ఎల్పీ నుంచి ఎక్కించిన పాటల్లో చిటపటలు తీసే పనికి ఇంకో ప్రమాదం ఉంది. బాస్ డీఆర్-55 లాంటి తొలినాటి డ్రమ్ మెషిన్లు (సిస్టర్స్ ఆఫ్ మెర్సీ బ్యాండ్ 'డాక్టర్ అవలాంచ్' అని పిలుచుకున్నది మొదట్లో ఈ డీఆర్-55నే) పొట్టిగా పదునుగా టిక్కుమంటాయి. రికార్డు మీది గీత చేసే చప్పుడుకూ ఆ డ్రమ్‌కూ తేడా సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. పరీక్ష సులువు: తీసేసిన శబ్దాన్ని మాత్రమే వినిపించే మీట నొక్కాలి. అందులో పాట లయ వినిపిస్తోందంటే డ్రమ్ములను కోస్తున్నట్టే. అప్పుడు యంత్రాన్ని ఆపి, పెద్ద చిటపటలను ఒక్కొక్కటిగా చేత్తో తీయాలి. నాలుగు నిమిషాల పాటకు ఒక సాయంత్రం పడుతుంది, దగ్గరి దారి లేదు.

శబ్దాలు సమం చేయడం

1983 క్యాసెట్ పక్కన నిన్న రికార్డు చేసిన పాట పెడితే తేడా భయంకరంగా ఉంటుంది. కొత్త పాట మైనస్ ఎనిమిది ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే అంకె) దగ్గర గోడలా నిలబడుతుంది. పాతదాన్ని లిమిటర్‌తో (పీక్‌లను అణిచిపెట్టే సాధనంతో) అంత ఎత్తుకు తోస్తే హిస్ కూడా పైకి వస్తుంది. ఎప్పుడైనా కొత్తదాన్నే కిందికి దించాలి. ఇప్పటి బ్యాండ్‌లను మాస్టరింగ్ చేయని మిక్స్ అడగాలి: 24 బిట్ వేవ్ ఫైల్, చివరి చానెల్ మీద లిమిటర్ లేకుండా, వాళ్లు రికార్డు చేసిన శాంపిల్ రేటులోనే. ఎంపీ3 పంపితే తిప్పి పంపడమే.

అన్ని పాటలనూ ఒకే ఎల్‌యూఎఫ్‌ఎస్ అంకెకు తెచ్చి పని అయిపోయిందనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఒక సింథ్, ఒక గొంతు ఉన్న మినిమల్ పాట, నిండా గిటార్లున్న పాట ఒకే అంకె దగ్గర పెడితే మినిమల్ పాటలో గొంతు మీదికొచ్చి పడుతుంది. గొంతును, స్నేర్ డ్రమ్‌ను పట్టుకుని చెవితో సమం చేయాలి, అంకె తర్వాత చూసుకోవాలి. మొత్తం ఆల్బమ్ మైనస్ 14కూ మైనస్ 12కూ మధ్య ఉంటే హాయిగా వినిపిస్తుంది. ట్రూ పీక్ (అసలు గరిష్ఠ స్థాయి) మైనస్ ఒక డెసిబెల్ దాటకూడదు.

పాటల మధ్య ఖాళీలో ఉండే చిక్కు హెడ్‌ఫోన్స్‌లోనే తెలుస్తుంది. హిస్ ఉన్న పాట ముగిసి ఒక్కసారిగా డిజిటల్ నిశ్శబ్దం వస్తే చెవి దగ్గర గొయ్యి పడ్డట్టుంటుంది. హిస్‌ను ఒకటి రెండు సెకన్లలో మెల్లగా దించాలి, తర్వాతి పాట హిస్‌ను అలాగే ముందుగా మెల్లగా ఎత్తాలి. అందుకే ఎక్కించేటప్పుడు దాన్ని కత్తిరించవద్దన్నది.

వరస

ఎల్పీలో వరసను నిర్ణయించేది సగం భౌతికశాస్త్రం. 12 అంగుళాల రికార్డు బయటి అంచున సూది కింద సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్ల గాడి నడుస్తుంది, లోపలి చివర 21 సెంటీమీటర్లే. లోపలికి వెళ్లేకొద్దీ పైస్థాయి నలిగిపోతుంది, 'స', 'ష' శబ్దాలు ఉమ్మినట్టు వస్తాయి. కాబట్టి చప్పట్లు, హై-హ్యాట్లు జోరుగా ఉన్న డాన్స్ పాటలు బయట ఉండాలి. నెమ్మదైన, మసకగా ఉండే పాటలు వైపు చివర పెట్టాలి. వైపును జోరుగా ముగించాలన్న కోరిక ఇక్కడ వదులుకోవాల్సిందే. 150 హెర్ట్జ్ కింది బేస్‌ను మోనో చేయాలి. కోరస్ ఎఫెక్ట్‌తో రెండు చానెళ్లకూ పరుచుకున్న సింథ్ బేస్ ఉంటే సూది ఎగిరిపడుతుంది, లేదా కోసేవాళ్లు మొత్తం శబ్దం తగ్గించేస్తారు.

మిగతా సగం చెవి పని. ఒకే డ్రమ్ మెషిన్ మోత, ఒకే వేగం ఉన్న రెండు పాటలు పక్కపక్కన పెడితే రెండో బ్యాండ్ వినేవాళ్లకు మొదటి బ్యాండ్ నకలులా తోస్తుంది, అది ఆ బ్యాండ్‌కు అన్యాయం. ప్రతి పాటకూ వేగం, శృతి, గొంతు, భాష, డ్రమ్ములు యంత్రమా మనిషా అన్నది ఒక కాగితం మీద రాసుకుని, పక్కపక్క పాటలకు ఇందులో కనీసం రెండు విషయాలైనా తేడా ఉండేలా చూసుకోవాలి. బాగా పేరున్న బ్యాండ్‌ను మొదట పెట్టకూడదు. అది అయిపోగానే కొందరు లేచిపోతారు. రెండో వైపు రెండో పాటగా పెడితే దాన్ని చేరేలోగా ఐదారు తెలియని బ్యాండ్‌లను వింటారు.

సాఫ్ట్‌వేర్ తనంతట పెట్టే రెండు సెకన్ల ఖాళీని అన్ని చోట్లా అలాగే వదిలేయడం బద్ధకం. రివర్బ్ తోక పూర్తిగా ఆరిపోయాక లెక్క మొదలుపెట్టాలి. పది సెకన్ల తోక తర్వాత అర సెకను చాలు. ఠక్కున ఆగిన పాట తర్వాత మూడు సెకన్లు కావాలి.

క్యాసెట్‌గా వదిలితే

రెండు వైపులా నిడివి దాదాపు సమానంగా ఉండాలి, మొదటి వైపు కొద్దిగా ఎక్కువున్నా పరవాలేదు. సీ-90 కన్నా సీ-60 మేలు. టేపు మందంగా ఉంటుంది, ఒక పొర మీది శబ్దం పక్క పొరకు అచ్చుపడి ముందే లీలగా వినిపించే బెడద తక్కువ. నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా మొదలయ్యే పాటలు ఈ సంగీతంలో చాలా ఉన్నాయి కాబట్టి ఇది పట్టించుకోవాల్సిందే. ఇంట్లోనే కాపీలు తీస్తే ఒక డెక్ మీద 50 కాపీలకు 50 గంటలు. జంట డెక్ హై-స్పీడ్ మీట నొక్కితే పైస్థాయి పోతుంది. ప్రతి కాపీకీ డిజిటల్ ఫైల్ నుంచే రికార్డు చేయాలి, క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు కాదు. ప్రతి పదో కాపీని మొదటి నుంచి చివరిదాకా వినాలి. డెక్ మురికైతే ముందు కుడి చానెల్‌లోనో ఎడమ చానెల్‌లోనో పైస్థాయి తగ్గుతూ తెలుస్తుంది.

నోట్స్, ఫైళ్లు

స్లీవ్ నోట్స్‌లో కవిత్వం కన్నా వివరాలు కావాలి. ఒక్కో పాటకూ: బ్యాండ్ పేరు అసలు విడుదల మీద ఉన్న స్పెల్లింగ్‌తోనే, రికార్డు చేసిన ఏడాది, ఊరు, మొదట ఎక్కడ వచ్చింది, దాని కేటలాగ్ నంబరు, వాయించినవాళ్లు, ఏ వాయిద్యాలు, మనం దేని నుంచి ఎక్కించాం (మాస్టర్ టేపా, క్యాసెట్టా, ఎల్పీనా), వేగం సరిచేశామా. చివరి రెండూ చాలామంది రాయరు. అవి రాస్తే రేపు మంచి కాపీ దొరికినవాళ్లకు ఏది మెరుగో తేలిపోతుంది. ఫొటో తీసినవాళ్ల పేరు, అనుమతి తప్పనిసరి.

సంగీతం అమ్మే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో పెడితే ఆల్బమ్ కర్త స్థానంలో కంపైలేషన్ లేబుల్ పేరు, ప్రతి ట్రాకుకూ బ్యాండ్ పేరు విడిగా నింపాలి. బ్యాండ్ పేరును పాట పేరులో ఇరికిస్తే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ల ప్లేయర్‌లో అంతా ఒకే కర్త పేరు కింద పడుతుంది. కవర్ కనీసం 1400 పిక్సెళ్ల చదరం ఉండాలి. డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం, వస్తువుల మీద 10 శాతం సైటు తీసుకుంటుంది, చెల్లింపు రుసుము కూడా పోగా మిగిలింది ఒక్క ఖాతాలోకే వస్తుంది. పాటలవారీగా పంచే పని మనదే, కాబట్టి లెక్కల పట్టిక మొదటి రోజు నుంచే తెరిచి పెట్టుకోవాలి. పాటకు ఇప్పటికే ఐఎస్‌ఆర్‌సీ (ఒక్కో రికార్డింగ్‌ను గుర్తించే అంతర్జాతీయ) సంఖ్య ఉంటే అదే వాడాలి, కొత్తది పుట్టించకూడదు.

శుభ్రం చేయని అసలు ఎక్కింపు ఫైళ్లను ఫ్లాక్‌లోకి (నాణ్యత పోని ఫైలు రకంలోకి) మార్చి, చెక్‌సమ్‌తో (ఫైలు చెడలేదని సరిచూసే సంఖ్యతో) మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉంచాలి. ఫైలు పేరులో బ్యాండ్, పాట, ఏ క్యాసెట్ ఏ వైపు, డాల్బీ ఉందా లేదా, ఎక్కించిన తేదీ ఉండాలి. బ్యాండ్‌కు పంపే పార్సిల్‌లో ఒప్పుకున్న కాపీలతో పాటు, వాళ్ల క్యాసెట్‌ను కొత్త షెల్‌లోనే ఉంచి తిరిగి పంపాలి. పాత షెల్, కార్డు కూడా అందులోనే పెట్టాలి, అసలు ఎక్కింపు ఫైలు కూడా ఇవ్వాలి.